కారొచ్చాక ఇంటి గుమ్మం ఎటు పోయింది?

మీరు మూడు సంగతులు అడిగారు. మోడర్నిస్ట్ ఇళ్ళ (ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన కొత్త తరహా ఇళ్ళ) మీద కారు ప్రభావం అంటే ఇంటికో గ్యారేజీ తగిలించడమేనా, అంతకు మించి ఏమైనా ఉందా అన్నది మొదటిది. మన అపార్ట్‌మెంట్ల స్టిల్ట్ పార్కింగ్ స్విస్-ఫ్రెంచి ఆర్కిటెక్టు లె కార్బూజియే పిలోటీల (ఇంటిని నేల నుంచి పైకెత్తే స్తంభాల) నుంచే వచ్చిందని మీ సర్ క్లాసులో అన్నారట, అది నిజమేనా అన్నది రెండోది. సెమినార్‌కి ఏ ఇళ్ళు తీసుకోవాలన్నది మూడోది. మొదటిదానికి నా జవాబు: ప్రభావం చాలా ఉంది, కానీ అందరూ వెతికే చోట లేదు. రెండోదానికి: సగం నిజం. మూడోది చివర్లో చెబుతాను. నేను చాలా ఏళ్ళుగా హైదరాబాదులోనూ విజయవాడలోనూ ఇళ్ళూ అపార్ట్‌మెంట్లూ గీస్తున్నాను కాబట్టి, పుస్తకాల్లో చదివినదానికి సైటులో చూసింది కూడా కలుస్తుంది. కాస్త పొడుగే, ఓపిక పట్టండి.

ఈ టాపిక్ మీద దొరికే వ్యాసాలు చాలావరకు యంత్రయుగం, వేగం, గుండ్రటి మూలలు, ఓడ రెయిలింగులు అంటూ ఎలివేషన్ (ఇంటి బయటి ముఖం) దగ్గరే ఆగిపోతాయి. ఇల్లు కారులా కనబడటం వేరు, కారు కోసం ఇల్లు లోపల సర్దుకోవడం వేరు. మొదటిది పదేళ్ళ ఫ్యాషన్. రెండోది ఇవాళ్టికీ మనల్ని వదల్లేదు. మనిషి కారు దిగేది ఎక్కడ, ఏ తలుపులోంచి లోపలికొస్తాడు, నేలమట్టం ఎవరికి దక్కింది? ఈ మూడింటినీ కారు మార్చేసింది. నా దృష్టిలో అసలు ప్రభావం అదే, మిగతాదంతా అలంకారం.

కారు కొత్తగా వచ్చినప్పుడు దాన్ని గుర్రంలాగే చూశారు. డబ్బున్నవాళ్ళ ఇళ్ళకి వెనకవైపు గుర్రపుశాల, బగ్గీ పెట్టుకునే కొట్టం ఉండేవి, పైన బండివాడి గది. వాసన, ఈగలు, ఎండుగడ్డికి నిప్పంటుకుంటుందన్న భయం, వీటన్నిటివల్లా దాన్ని ఇంటికి దూరంగానే కట్టేవాళ్ళు. కారు కూడా వెళ్ళి ఆ కొట్టంలోనే నిలబడింది. పైగా దానికి పెట్రోలు భయం తోడైంది. అందుకే అమెరికాలో చాలాకాలం గ్యారేజీ అంటే పెరట్లో, వెనక సందు వైపు, ఇంటికి అంటకుండా ఉండే చిన్న కట్టడమే. దీనికి ఎదురెళ్ళిన తొలి ఇళ్ళలో షికాగోలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన రాబీ హౌస్ ఒకటి. 1910కి పూర్తయింది. ఫ్రెడరిక్ రాబీ సైకిళ్ళ వ్యాపార కుటుంబం నుంచి వచ్చినవాడు, కార్లంటే పిచ్చి. అతనికి మూడు కార్ల గ్యారేజీ కావాలి, అదీ ఇంట్లో భాగంగానే. రైట్ దాన్ని తూర్పు చివర సర్వీసు భాగానికి కలిపేసి, లోపల కారు కిందకి దిగి రిపేరు చేసుకోవడానికి గొయ్యి కూడా పెట్టాడు. ఫోర్డ్ మోడల్ టి బయటికొచ్చింది 1908లో, అప్పుడు దాని ధర సుమారు 850 డాలర్లు. అంటే రాబీ హౌస్ గీస్తున్న రోజుల్లో కారు ఇంకా శ్రీమంతుల ఆటవస్తువే. 1913లో ఫోర్డ్ కదిలే అసెంబ్లీ లైను పెట్టాక ఛాసిస్ బిగించే పని పన్నెండున్నర గంటల నుంచి గంటన్నరకు పడిపోయింది, 1920ల మధ్యకొచ్చేసరికి కారు ధర 300 డాలర్ల లోపుకి దిగింది. ఆర్కిటెక్టులకు మతి పోయింది ఈ లెక్క చూసే.

ఐరోపాలో ఆ మతిపోయినవాళ్ళలో మొదటివాడు లె కార్బూజియే. 1923లో వేసిన పుస్తకంలో గ్రీకు దేవాలయాల ఫోటోలూ కార్ల ఫోటోలూ ఒకే పేజీలో పక్కపక్కన పెట్టాడు: పార్థెనాన్, దాని దగ్గరే 1921 నాటి డెలాజ్ కారు. గుడి కట్టడం తరతరాలుగా మెరుగవుతూ ఒక ప్రమాణానికి చేరినట్టే కారూ చేరుతోంది, మరి ఇల్లు ఎందుకు చేరదు అన్నది అతని వాదన. ఇల్లంటే నివసించే యంత్రం అన్నదీ ఆ రోజుల్లోనే. 1920-22 మధ్య గీసిన చౌక ఇంటి నమూనాకి సిట్రోహాన్ అని పేరు పెట్టాడు, సిట్రోయెన్ కారు గుర్తుకు రావాలనే. 1925 పారిస్ ప్రదర్శనలో తన పెవిలియన్‌కి డబ్బు కోసం కార్ల కంపెనీల గుమ్మాలెక్కాడు. చివరికి గాబ్రియేల్ వ్వాజాన్ కంపెనీ ఒప్పుకుంది. పారిస్ నడిబొడ్డుని కూలగొట్టి అరవై అంతస్తుల టవర్లు వేద్దామన్న ఆ ప్లానుకి ప్లాన్ వ్వాజాన్ అని పేరు రావడం వెనక కథ అది. స్పాన్సర్ పేరు పెట్టుకోవడం మన క్రికెట్‌తో మొదలైందేమీ కాదు!

అతనికి సొంతంగా ఒక వ్వాజాన్ కారుండేది. ఇల్లు పూర్తయ్యాక ఫోటోలు తీయించేటప్పుడు దాన్ని ముందు నిలబెట్టేవాడు. 1927లో స్టుట్‌గార్ట్ వైసెన్‌హోఫ్ కాలనీలో అతను కట్టిన జంట ఇంటి ముందు మెర్సిడెస్ కంపెనీ ఒకమ్మాయిని, కారుని పెట్టి ప్రకటన ఫోటో తీసింది. ఇల్లు కారుకి ప్రచారం, కారు ఇంటికి ప్రచారం. మన బిల్డర్ల బ్రోచర్లలో ప్రతి విల్లా పోర్టికోలోనూ ఒక తెల్ల జర్మన్ కారు ఉంటుంది చూడండి, ఆ అలవాటు వయసు దాదాపు వందేళ్ళు.

ఇదంతా ప్రచారం. నిజంగా కారు ప్లాను గీసిన ఇల్లు చూడాలంటే లె కార్బూజియే కట్టిన విల్లా సవోయ్‌కి రావాల్సిందే. మీరు దాన్ని ఫస్టియర్‌లో, కొత్త ఇంటికి అతను చెప్పిన ఐదు సూత్రాల కోసం చదివుంటారు. ఈసారి కారులో కూర్చుని చూడండి.

పారిస్‌కి పడమరగా ముప్పై కిలోమీటర్ల దూరంలో పువాసీ అనే ఊళ్ళో ఉంది, 1928లో మొదలై 1931కి పూర్తయింది. పియెర్ సవోయ్‌ది ఇన్సూరెన్సు వ్యాపారం. కుటుంబం ఉండేది పారిస్‌లో. ఇది వారాంతాల్లో కారేసుకుని వచ్చే ఇల్లు. అంటే అసలు కారు లేకపోతే ఈ ఇంటి అవసరమే లేదు. గేటు దగ్గర తోటమాలి ఇల్లు, అక్కడి నుంచి చెట్ల మధ్య దారి. కారు వచ్చి ఇంటి ముందు ఆగదు, ఇంటి కిందకి దూరుతుంది. పైన తెల్ల పెట్టె, కింద సన్నటి స్తంభాలు. స్తంభాల వరసకీ లోపలి గోడకీ మధ్య కారు నడిచే దారి. కింది అంతస్తు గోడ యు ఆకారంలో వంగి ఉంటుంది కదా, ఆ వంపు అందం కోసం గీసింది కాదు, కారు తిరగడానికి కావల్సిన కనీస వ్యాసార్ధం అని అతనే చెప్పుకున్నాడు. ఆ వంపు సరిగ్గా మధ్యలో, అంటే గేటు నుంచి చూస్తే ఇంటి అవతలి వైపు, గుమ్మం. కారు అక్కడ ఆగుతుంది, యజమాని దిగుతాడు. డ్రైవరు అలాగే ముందుకెళ్ళి వంపు పూర్తిచేసి అదే పెట్టె కింద ఉన్న గ్యారేజీలో ఏటవాలుగా పెడతాడు. మూడు కార్లు పడతాయి. తిరిగి వెళ్ళేటప్పుడు రెండో వైపు నుంచి బయటికి.

ఇందులో గమనించాల్సినవి చాలా ఉన్నాయి. దారి వైపు మనకి మొదట కనబడే ముఖం నిజానికి ఇంటి వెనకభాగం. పాత పద్ధతిలో ఇంటికి ముందు, వెనక ఉండేవి. నడిచొచ్చేవాడు ముందు నుంచి వస్తాడు కాబట్టి ముందుభాగానికి అంత సొగసు చేసేవాళ్ళు. ఇక్కడ చూసేవాడు ఇంటి చుట్టూ తిరిగి వస్తున్నాడు కాబట్టి నాలుగు వైపులా దాదాపు ఒకటే ఎలివేషన్. అలాగే స్తంభాల గ్రిడ్ 4.75 మీటర్లు అని పుస్తకాల్లో ఉంటుంది, కానీ కింది ప్లాను జాగ్రత్తగా చూస్తే గ్యారేజీ దగ్గరా ర్యాంపు దగ్గరా కొన్ని స్తంభాలు వరస తప్పి జరిగి ఉంటాయి. కారు తిరగాలి, మనిషి నడవాలి, గ్రిడ్ తలొంచింది. లోపలికి అడుగు పెట్టగానే హాల్లో ఒక వాష్‌బేసిన్ ఒంటరిగా నిలబడి ఉంటుంది. దాని మీద పండితులు పేజీలకి పేజీలు రాశారు, నాకైతే మన పాత ఇళ్ళ వాకిట్లో కాళ్ళు కడుక్కోవడానికి పెట్టే గంగాళం గుర్తొస్తుంది. ఆ తర్వాత ర్యాంపు. చక్రాల మీద మొదలైన ప్రయాణం మెట్ల దగ్గర తెగిపోకుండా ఏటవాలుగా పైకి సాగి, టెర్రస్ మీదుగా ఆకాశంలోకి వెళ్ళిపోతుంది.

ఇంకోటి. కింది అంతస్తులో కార్లతో పాటు ఎవరున్నారు? డ్రైవరు గది, పనివాళ్ళ గదులు, బట్టలుతికే గది. యజమాని కుటుంబం మొత్తం పై అంతస్తులో. నేలని విముక్తం చేశాం, తోటకి వదిలేశాం అని చెప్పుకున్న ఇంట్లో నేల మీద నిజంగా బతికింది కారూ పనివాళ్ళూ. దీన్ని గుర్తుపెట్టుకోండి, మన అపార్ట్‌మెంట్ దగ్గరికొచ్చినప్పుడు పనికొస్తుంది.

ఇల్లు కారిపోయిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. హాల్లో వాన, ర్యాంపు మీద వాన, గ్యారేజీ గోడ తడిసి ముద్దయిందని మదామ్ సవోయ్ 1930లలో లె కార్బూజియేకి ఉత్తరాలు రాసింది. క్లయింటుతో మీకు ఎప్పుడైనా టెన్షన్ వస్తే ఆ ఉత్తరాలు తలుచుకోండి.

అదే సమయంలో అట్లాంటిక్ అవతల, లాస్ ఏంజెలెస్ కొండల మీద రిచర్డ్ న్యూట్రా లోవెల్ హెల్త్ హౌస్ కట్టాడు, 1927-29. అక్కడ దారి కొండ పైన, ఇల్లు కింద. కారు పైన ఆగుతుంది, పై అంతస్తులోంచి ఇంట్లోకొచ్చి మెట్లు దిగి కూర్చునే గదికి వెళ్ళాలి. నేలమట్టంలో గుమ్మం అనే వేల ఏళ్ళ నియమాన్ని రోడ్డు తలకిందులు చేసింది. ఆ మెట్ల పక్కన గోడలో దీపాలుగా ఫోర్డ్ కారు హెడ్‌లైట్లు బిగించాడు న్యూట్రా. అందరూ ఆ హెడ్‌లైట్ల ఫోటో పెడతారు. నన్నడిగితే హెడ్‌లైట్లు తీసేసి మామూలు బల్బులు పెట్టినా ఆ ఇంటి మీద కారు ముద్ర చెరగదు, ఎందుకంటే అసలు ముద్ర సెక్షన్‌లో, అంటే ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మలో ఉంది.

ఇక మామూలు జనం ఇళ్ళు. ఇవి రొమాంటిక్‌గా ఉండవు, కానీ ప్రభావం అంటే ఇదే. 1936-37లో విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో రైట్ ఒక పత్రికా విలేఖరికి ఇల్లు కట్టాడు, జేకబ్స్ హౌస్. తన ఫీజుతో కలిపి 5,500 డాలర్లు. ఆ డబ్బులో ఇల్లు తేవాలంటే ఏదో ఒకటి తీసెయ్యాలి. తీసేసినవాటిలో గ్యారేజీ ఒకటి. కారు గుర్రం కాదు, దానికి చలి వెయ్యదు, నాలుగు గోడలూ తలుపూ ఎందుకు అన్నాడు. అప్పటికి కార్లు చాలావరకు మూసిన బాడీతో వస్తున్నాయి, వానకి సీట్లు తడిసే రోజులు పోయాయి. కాబట్టి ఇంటి పైకప్పునే కొంచెం ముందుకు లాగి, దాని కింద కారు పెట్టి, పక్కనే గుమ్మం పెట్టేశాడు. కార్‌పోర్ట్ అన్నమాట. డబ్బు మిగిలింది, పొడుగ్గా సాగిన ఆ కప్పు ఇంటికి ఒక భంగిమ కూడా ఇచ్చింది. కానీ దాని వెంట ఇంకోటి కూడా జరిగింది. రోడ్డు వైపు గోడ దాదాపు మూసేసి పైన సన్నటి కిటికీలు మాత్రం వదిలాడు, పెరటి వైపు నిలువెత్తు అద్దాలు. ఇల్లు రోడ్డుకి వీపు తిప్పింది.

ఆ తర్వాత కాలిఫోర్నియాలో ఇది పెద్దఎత్తున జరిగింది. 1949 తర్వాత జోసెఫ్ ఐక్లర్ అనే బిల్డరు మంచి ఆర్కిటెక్టులతో గీయించి సుమారు 11,000 ఇళ్ళు కట్టాడు. ఏ వీధిలోకి వెళ్ళినా కనబడేది ఒకటే: చెక్క గోడ, గ్యారేజీయో కార్‌పోర్టో, ఒక తలుపు. కిటికీ కనబడదు. లోపలికెళితే ఆకాశం కనబడే నడవ, వెనకంతా అద్దం, తోట. పియెర్ కోనిగ్ 1960లో పూర్తిచేసిన స్టాల్ హౌస్ ఫోటో మీరు చూసే ఉంటారు, రాత్రి నగరం దీపాల మీద తేలుతున్నట్టుండే గాజు గది. అదే ఇంటిని రోడ్డు వైపు నుంచి ఎవరూ ఫోటో తీయరు, అటు వైపు ఉన్నది కార్‌పోర్టూ మూసిన గోడా మాత్రమే.

ఎందుకిలా? రోడ్డు మీద నడిచేవాడు లేడు కాబట్టి. పాత ఇంటి ముందు వరండా ఎవరి కోసం? దారిన పోయే మనిషిని పలకరించడం కోసం. మన అరుగు కూడా అంతే కదా. ఊళ్ళో అరుగు మీద కూర్చున్న తాతగారు దారిన పోయే ప్రతివాణ్ణీ "ఎక్కడికిరా" అని అడగగలిగేది ఆ మనిషి నడిచి వెళుతున్నాడు కాబట్టి. అరవై కిలోమీటర్ల వేగంతో పోయేవాణ్ణి పలకరించలేం, పైగా పొగా హారనూ. దాంతో కుటుంబం వెనక్కి జరిగింది, కారు ముందుకొచ్చింది. కిరాణా సంచులు కారులోంచి వంటింట్లోకి వెళ్ళాలి కాబట్టి వంటిల్లు గ్యారేజీ పక్కకి చేరింది. అలా రెండో గుమ్మం పుట్టి అదే అసలు గుమ్మమైంది. అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళకి వెళ్ళొచ్చినవాళ్ళకి ఇది అనుభవమే: ముందు తలుపుకి మామిడాకుల తోరణం, గడపకి పసుపు కుంకుమ, ఎదురుగా స్టిక్కరు ముగ్గు, ఇంట్లోవాళ్ళు రోజూ వచ్చేదీ పోయేదీ మాత్రం గ్యారేజీలోంచి, వాషింగ్ మెషీన్ పక్కనుంచి. లక్ష్మీదేవికి ఒక దారి, మనకి ఒక దారి. గ్యారేజీలు ఇంటి ముఖాన్ని ఎంతగా మింగేశాయంటే పోర్ట్‌లాండ్ నగరం 1999లో కొత్త ఇళ్ళకి గ్యారేజీ ముందుకి పొడుచుకు రాకూడదని నిబంధనలు పెట్టాల్సొచ్చింది.

కారుని ఎదిరించి ఇంటిని తిప్పాలని చూసినవాళ్ళూ ఉన్నారు. న్యూజెర్సీలో రాడ్‌బర్న్, 1929. క్లారెన్స్ స్టైన్, హెన్రీ రైట్ కలిసి కార్లకి ఒక దారి, మనుషులకి ఇంకో దారి వేశారు. ఇళ్ళ ముందుగదులు తోట వైపు చూస్తాయి, వంటిల్లూ గ్యారేజీ చిన్న సందు వైపు. లెక్క ప్రకారం తోట వైపుది ముందు గుమ్మం. ఆచరణలో అందరూ కారున్న వైపు నుంచే రాకపోకలు మొదలుపెట్టారు. ఇంటికి రెండు వైపులుంటే మనిషి ఎప్పుడూ కారు ఆగే వైపునే ముందు అనుకుంటాడు. ప్లానులో మీరు ఏ పేరు రాసినా సరే.

కారుని ఫ్యాక్టరీలో చేసినట్టు ఇళ్ళనీ చేద్దామన్న కల సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే దాని ఫలితం చిన్నది. జర్మన్ ఆర్కిటెక్టు గ్రోపియస్ 1926-28లో డెస్సావు దగ్గర టోర్టెన్‌లో మూడొందలకి పైగా ఇళ్ళని అసెంబ్లీ లైను పద్ధతిలో, సైటులోనే బ్లాకులు పోతపోసి, రైలు పట్టాల మీద క్రేన్లు నడిపి కట్టించాడు. యుద్ధం తర్వాత అమెరికాలో లస్ట్రాన్ అనే కంపెనీ ఎనామెల్ పూసిన ఉక్కు రేకులతో ఇళ్ళు చేసి లారీల్లో పంపింది. సర్కారు అప్పు కూడా భారీగా తీసుకుంది, సుమారు 2,500 ఇళ్ళు వేశాక 1950లో దివాలా తీసింది. కారు తయారయ్యాక అదే నడుచుకుంటూ కొనేవాడి దగ్గరికి పోతుంది. ఇల్లు అలా పోదు. దానికి స్థలం కావాలి, మునిసిపాలిటీ ఒప్పుకోవాలి, బ్యాంకు అప్పివ్వాలి, పునాది తవ్వాలి. ఇల్లు కారు కాలేకపోయింది, కానీ కారు వచ్చి ఇంట్లో కూర్చుంది. షికాగోలో బెర్ట్రండ్ గోల్డ్‌బర్గ్ కట్టిన మరీనా సిటీ టవర్లు చూడండి, 1960ల మొదట్లోవి. అరవై అయిదు అంతస్తుల్లో కింది పంతొమ్మిది కార్లకే.

మన దేశానికొస్తే సూటిగా ఉన్న లింకు చండీగఢ్. లె కార్బూజియే దారులని వేగాన్ని బట్టి ఏడు తరగతులుగా విడగొట్టాడు. సెక్టరు చుట్టూ వేగంగా పోయే దారి, ఆ దారి మీదకి ఏ ఇంటి గుమ్మమూ తెరుచుకోకూడదు. 800 మీటర్లు బై 1200 మీటర్ల సెక్టరు లోపలికి తిరిగి కూర్చుంటుంది. అది గీసిన 1951 ప్రాంతంలో ఆ ఊరికి రాబోయే గుమాస్తాల్లో ఎంతమందికి కార్లున్నాయి? వాళ్ళ క్వార్టర్లకి కావల్సింది సైకిలు పెట్టుకునే చోటు. కారు లేని జనానికి కార్ల ఊరు కట్టారు; విచిత్రం ఏమిటంటే జనం తర్వాత కార్లు కొనుక్కుని ఆ ప్లానుని నిజం చేశారు.

ఇప్పుడు మీ సర్ మాట. స్టిల్ట్ పార్కింగ్ చూడ్డానికి పిలోటీల్లాగే ఉంటుంది, కాదనను. కాంక్రీటు ఫ్రేము వల్ల కింద గోడలు అక్కర్లేదన్న సాంకేతిక సంగతీ అక్కడిదే. ఆ మేరకి సర్ చెప్పింది కరెక్టు. కానీ లె కార్బూజియే ఇంటిని పైకెత్తడానికి చెప్పిన కారణాల్లో తేమ, గాలి, ఇంటి కిందుగా సాగే పచ్చిక ముందుంటాయి. మనకి స్టిల్ట్ పుట్టించింది నిబంధనలూ భూమి ధరా. 300 గజాల ప్లాటు, చుట్టూ సెట్‌బ్యాకులు వదలాలి, ప్రతి ఫ్లాటుకీ పార్కింగ్ చూపించాలి, సెల్లార్ తవ్వాలంటే ఖర్చూ నీళ్ళూ పక్కింటి గోడా. పార్కింగ్ కోసం వదిలిన అంతస్తుకి నిబంధనల్లో సాధారణంగా వెసులుబాటు ఉంటుంది. అలాంటప్పుడు ఏ బిల్డరైనా ఏం చేస్తాడు? పువాసీ పేరు ఎప్పుడూ వినని మేస్త్రీ కూడా ఇదే డ్రాయింగుకి వస్తాడు. లాస్ ఏంజెలెస్‌లో 1950ల్లో, 60ల్లో వచ్చిన రెండు మూడంతస్తుల చౌక అపార్ట్‌మెంట్లూ ఇలాంటి లెక్కలోంచే పుట్టాయి, సన్నటి ఇనుప స్తంభాల మీద పెట్టె, కింద కార్లు.

అయినా పోలిక ఒకచోట భయంకరంగా కలుస్తుంది. సవోయ్ ఇంట్లో కారు పక్కన డ్రైవరు గది అన్నాను కదా. మన స్టిల్ట్‌లో లిఫ్టు పక్కన, మీటర్ల బోర్డు వెనక పదడుగుల గదిలో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. వాళ్ళ పిల్లలు కార్ల మధ్యే చదువుకుంటారు. నేల మీద బతికేది వాళ్ళే, వినాయకచవితికి పందిరి వేసినప్పుడు తప్ప మిగతా ఇరవై కుటుంబాలు ఆ అంతస్తుని దాటుకుని పోవడమే. అరుగు పోయింది, వాకిలి పోయింది, ముగ్గు గేటు బయట రోడ్డంచుకి జరిగింది. గొప్ప మార్పు ఏదైనా ఉంటే అది ఇది.

పని చేసేవాడిగా ఇంకో సంగతి. సవోయ్‌లో ముందు కారు దారి గీసి దాని మీద ఇల్లు పెట్టారు. మనవాళ్ళు ముందు ఫ్లాట్లు గీసి, హాలూ బెడ్‌రూములూ ఖాయమయ్యాక మిగిలిన కాలమ్‌ల మధ్య కార్లు కుక్కుతారు. ఒక కారుకి సుమారు రెండున్నర మీటర్లు బై ఐదు మీటర్లు కావాలి, రెండు కార్లు పక్కపక్కన పెట్టాలంటే కాలమ్‌ల మధ్య ఐదు మీటర్లు ఖాళీ ఉండాలి. పైన పదకొండడుగుల బెడ్‌రూము లెక్కలో కాలమ్‌లు దించితే కింద ఒకటిన్నర కారు పడుతుంది. ఆ అరకారు కోసం జరిగే గొడవలు మీరు మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో చదివే ఉంటారు. నా దగ్గర పని నేర్చుకునేవాళ్ళకి చెప్పేది ఒకటే: ముందు కారుని తిప్పి చూపించు, తర్వాత బెడ్‌రూము గురించి మాట్లాడుకుందాం. వాస్తు చూసేవాళ్ళు ఈశాన్యంలో కారు వద్దు, వాయవ్యంలో పెట్టమంటారు, ర్యాంపు అక్కడ కుదరదు, ఆ రాయబారం వేరే కథ.

చివరగా మీ సర్‌ని అడగాల్సిన అసలు ప్రశ్న: భూకంపం మాటేమిటి? స్టిల్ట్ అంతస్తులో గోడలుండవు, పై అంతస్తుల్లో ఇటుక గోడలు బిగుతుగా ఉంటాయి. నేల కదిలినప్పుడు పైభాగం మొత్తం ఒక ముద్దలా ఊగి, ఆ ఊపంతా కింది కాలమ్‌ల మీదే పడుతుంది, మంచె మీద ఇనుప బీరువా ఎక్కించి మంచెని కుదిపినట్టు. దీన్నే సాఫ్ట్ స్టోరీ అంటారు. 1994 జనవరి 17న నార్త్‌రిడ్జ్ భూకంపంలో కింద పార్కింగ్ ఉన్న ఒక అపార్ట్‌మెంట్ కుంగిపోయి పదహారుమంది చనిపోయారు. అలాంటి పాత భవనాలన్నిటినీ బలపరచాలని లాస్ ఏంజెలెస్ 2015లో చట్టం చేసింది. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వస్తే కేంద్రానికి రెండొందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూడా స్టిల్ట్ అపార్ట్‌మెంట్లు కూలాయి. దాని తర్వాతే భూకంపాలని తట్టుకునే కట్టడాల కోసం మన దేశంలో ఉన్న ఐఎస్ 1893 కోడు 2002లో ఇలాంటి అంతస్తు కాలమ్‌లనీ బీమ్‌లనీ లెక్కలో వచ్చిన దానికి రెండున్నర రెట్లకి డిజైన్ చెయ్యాలంది, 2016లో ఆ నిబంధనలు మళ్ళీ మారాయి. 2016 కోడు మ్యాపులో హైదరాబాదు జోన్ 2, విజయవాడ జోన్ 3 (అంకె పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ). పెద్ద కారు కొన్నాక అది తిరగడం లేదని స్టిల్ట్‌లో కాలమ్ మూల చెక్కించినవాళ్ళని నేను చూశాను. దయచేసి అది చెయ్యకండి, ఎవరైనా చేస్తుంటే ఆపండి.

సెమినార్‌కి: సవోయ్ తప్పదు, కానీ దాని ఒక్కదాని మీదే పెడితే మీ పేపరు వందమంది రాసిందే అవుతుంది. జేకబ్స్ హౌస్ తీసుకోండి, లోవెల్ హౌస్ సెక్షన్ తీసుకోండి, మీ ఊళ్ళో 2000 తర్వాత కట్టిన ఒక స్టిల్ట్ అపార్ట్‌మెంట్ మీరే కొలిచి గీయండి. నాలుగూ ఒకే స్కేలులో ఉండాలి, లేకపోతే వంపుల సైజు పోల్చలేరు. దమ్ముంటే ఫార్న్స్‌వర్త్ హౌస్ కూడా చేర్చండి. షికాగో నుంచి దాదాపు తొంభై కిలోమీటర్లు, 1951లో పూర్తయింది, కారు లేనిదే చేరలేని చోటు, ఆర్కిటెక్టు మీస్ వాన్ డెర్ రోహె గీసినదాన్లో గ్యారేజీ ఊసే లేదు. కారు మీద అంతగా ఆధారపడి దాన్ని అంత శుభ్రంగా దాచేసిన ఇల్లు నాకు ఇంకోటి తెలియదు, జ్యూరీ దాని దగ్గర మిమ్మల్ని తప్పకుండా ఆపుతుంది.